పావురాల పులిపిండి

తాష్కెంట్,
12 ఏప్రిల్ 2006

చెల్లి రోబియాకు,

ఇక్రామ్‌కు నేనిచ్చి తప్పిన మాట ఏమిటని అడిగావు. తమ్ముడు చివరి రోజుల్లో "అన్నయ్య మాట తప్పాడు" అని రెండుసార్లు అన్నాడనీ, ఏ మాట అని నువ్వడిగితే గోడవైపు తిరిగి పడుకున్నాడనీ రాశావు. వాడు పోయిన నలభయ్యో రోజున పలావు వండి పేటకంతా పెట్టావు. నన్ను మాత్రం పిలవలేదు. ఇప్పుడు ఈ ప్రశ్న పంపావు. సరే, చెబుతాను. ఫోను చేయకు. నా చెవులకు నీ గొంతు కోళ్ళ గూట్లో పిల్లి పడ్డట్టు వినిపిస్తుంది. రాయి.

అది 1969 వసంతం. ఇక్రామ్ మన మేడమీద అరవై పావురాల్ని పెంచేవాడు. నేను ఇక్కడి ప్రయోగశాల తరఫున బుఖారా పావురాల గూళ్ళలో రెట్ట నమూనాలు సేకరించడానికి వచ్చాను. ఎండిన రెట్ట దుమ్ములో ఒక సూక్ష్మజీవి ఉంటుంది. అది ఊపిరితోపాటు లోపలికి వెళ్తుంది. గట్టి మనిషిని ఏమీ చేయదు. ఒంట్లో బలం లేనివాడు దొరికితే మెల్లగా మెదడు పొరల దాకా పాకుతుంది. మోసే పావురానికి మాత్రం తుమ్ము కూడా రాదు. మన దురదృష్టం ఏమిటంటే, రొట్టెను పొంగించే దానికీ ఈ జీవికీ దూరపు చుట్టరికం ఉంది. అందువల్ల మన భాషలో రెండింటికీ ఒకటే మాట, పులిపిండి.

ఇక్రామ్ నన్ను మేడ ఎక్కనిచ్చే ముందు అమ్మ అప్పుడే తందూరులోంచి తీసిన రొట్టె తెచ్చి మధ్యలో పెట్టాడు. "మన ఇంటి నంబరు ఏ కాగితం మీదా పడదని దీన్ని ముట్టుకుని చెప్పు" అన్నాడు. ముట్టుకున్నాను. తప్పితే ఈ రొట్టే నన్ను కొట్టాలి అన్నాను. వెళ్ళేటప్పుడు అదే రొట్టెను అమ్మ నా నోటికి అందించింది. ఒక కొస కొరికాను. ప్రయాణమైన ప్రతి మనిషికీ చేసినట్టే, మిగిలింది తిరిగొచ్చి తింటాడని గోడకు మేకు కొట్టి వేలాడదీసింది.

రెండు వారాలకు పావురాల జబ్బు మీద వేసిన కమిషన్ నివేదిక వచ్చింది. అందులో మన ఇంటి నంబరు ఉంది. అది గెన్నాదీ పావ్లోవిచ్ పని. మా ప్రొఫెసరు. మనిషి ఎలాంటివాడంటే, శిష్యుల వ్యాసాల మీద తన పేరు ముందు రాసుకుని, తప్పులు దొరికితే మాత్రం వాళ్ళ పేరు ముందుకు జరిపేవాడు. పోయి పద్దెనిమిదేళ్ళయింది. సమాధి రాయి మీద కూడా ఎవరి బిరుదో ఎత్తుకొచ్చి చెక్కించుకునే ఉంటాడు.

తరవాత టీ దుకాణం ముందు పేట సభ పెట్టారు. సాదత్ పిన్ని నలుగురిలో లేచి, మనం రొట్టెల్లో కలిపే పులిపిండి కూడా ఇదేనా అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో అమ్మ తందూరు చల్లారింది. ఆ ముసలిది ఇంకా బతికే ఉందని రాశావు. నాలుక ఉన్నవాళ్ళకు ఆయుష్షు ఎక్కువ.

అమ్మ పోయినప్పుడు వచ్చాను కదా. మేకు ఖాళీగా ఉంది. నా రొట్టె పారేసిందని అర్థమైంది. ఇంక ఆ గడపకు రావలసిన పని ఏముంది?

ఇదీ ఆ మాట సంగతి. తప్పించిన వాళ్ళ పేర్లు కూడా రాశాను. నీకు తలనొప్పి అన్నావు. ఎండలో తిరగకు.

నుస్రతుల్లా,
విశ్రాంత పరిశోధకుడు


బుఖారా,
24 ఏప్రిల్

పూజ్యులైన అన్నయ్యగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పోయిన ప్రొఫెసరుకు ఒక పేజీ దక్కింది. బతికున్న చెల్లెలి తలకు రెండు ముక్కలు దక్కాయి. ఎండలో తిరగకు అని. నేను ఎండలో తిరగడం లేదు. తల మీద ఎవరో తందూరు మూత పెట్టి దాని మీద కూర్చున్నట్టుంది. నవ్రూజ్ పండక్కి మొదలైంది, దిగటం లేదు. డాక్టరు రక్తపోటు అన్నాడు. ఎదురింటి కోడలు దిష్టి అంది, వచ్చి పొగ వేసింది. మోకాళ్ళకు రెండేళ్ళ నుంచి వేసుకుంటున్న మాత్రలు ఉన్నాయి కదా, వాటిని ఇంకొకటి పెంచుకున్నాను. మొహం గుండ్రంగా పున్నమి చంద్రుడిలా అయింది. షుగరు మీకు తెలిసిందే.

పని మానలేదు. చలికాలంలో మన్సూర్‌కు మంచి పని దొరికింది. మన వెనక పాత మదరసా ఉంది కదా, దాన్ని అతిథి గృహం చేస్తున్నారు. గుమ్మటం లోపల వందేళ్ళ పావురాల రెట్ట, మోకాలి లోతు. నా కొడుకూ ఇంకో ముగ్గురూ పారలతో దించుతున్నారు. అది పారబోయడం ఎందుకని బస్తాలకెత్తి ఇంటికి తెస్తున్నాడు. ఊరి బయట మన ఖర్బూజా చేనుకు దానికి మించిన ఎరువు లేదు. మీకూ గుర్తుండాలి, నాన్న అనేవాడు, పావురం తిన్న గింజ ఖర్బూజాలో తీపవుతుందని. గడ్డలు చేనుకు పనికిరావని వాకిట్లో కూర్చుని నేనే జల్లిస్తున్నాను. అమ్మ పిండి జల్లెడతోనే. ఎలాగూ ఈ ఇంట్లో పిండి జల్లించే పని మీ సభ రోజుతో తీరిపోయింది కదా. ఇక్రామ్ ఆ వారమే తన పావురాల మెడలు తనే విరిచాడు. అరవై. లెక్క పెట్టుకుంటూ విరిచాడు. ఆ తరవాత మేడ ఎక్కలేదు.

పేర్లు రాశాను అన్నారు. నాకు అప్పుడు పదహారేళ్ళు అన్నయ్యా. ఆడవాళ్ళ వెనక, టీ దుకాణం మల్బరీ చెట్టుకు ఆనుకుని నిలబడ్డాను. మీరు కమిషన్ వాళ్ళ మధ్య టై కట్టుకుని కూర్చున్నారు. అమ్మ నా పక్కనే ఉంది. సాదత్ పిన్ని ఏమడిగిందో మీరు రాశారు. బాగుంది. మీరేం జవాబు చెప్పారో రాయలేదు. దూరం వల్ల, ఆడవాళ్ళ గోల వల్ల నాకు వినబడలేదు. అమ్మకు వినబడింది. ఇంటికొచ్చి నేనడిగితే చెప్పలేదు. ఇక్రామ్ అడిగినా చెప్పలేదు. పేటలో మా ముందు ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ జవాబు నాకు రాయండి.

మీ చెల్లెలు,
రోబియా


తాష్కెంట్,
2 మే

రోబియా,

ఇది అందగానే చేయవలసినవి రాస్తున్నాను. వాదించకు.

ఆ బస్తాల దగ్గరకు వెళ్ళకు. జల్లెడ కాల్చెయ్. మన్సూర్‌నూ వాడి తోటివాళ్ళనూ ముక్కుకూ నోటికీ తడిగుడ్డ కట్టుకోమను, రెట్ట మీద నీళ్ళు చల్లి తడిసిన తరవాతే పార వెయ్యమను. వీలైతే పనే మానమను. మోకాళ్ళ మాత్రలు నీ ఒంటి కాపలాదారును నిద్రపుచ్చుతాయి. షుగరు ఇంకో తలుపు తీస్తుంది. ఆ దుమ్ములో పులిపిండి ఉంది. అది నీ తలలోకి చేరిందని నా అనుమానం.

మీ రక్తపోటు డాక్టరు గాడిద. పెద్ద ఆసుపత్రికి వెళ్ళు. వెన్నులోంచి నీరు తీసి దానిలో నల్ల సిరా వేసి చూడమను. ఇదే మాట చెప్పు, నల్ల సిరా. వాళ్ళకు తెలియకపోతే నా పేరు చెప్పు. నలభై ఏళ్ళు ఆ పనే చేశాను. ఈ రోజుల్లో డిగ్రీలు ఖర్బూజాల్లా తూకానికి అమ్ముతున్నారు గనుక ఎవరికీ తెలియకపోవచ్చు. నా దగ్గర చదువుకున్న ఒకడు ఇప్పుడు ఇక్కడ డైరెక్టరు. వీధిలో ఎదురుపడితే కళ్ళద్దాలు తుడుచుకుంటాడు.

మెడ వంచితే నొప్పిగా ఉందా? ఒకటి రెండుగా కనిపిస్తోందా? వాంతులు ఉన్నాయా? జవాబు రాయడానికి కూర్చోకు, ముందు వెళ్ళు.

నువ్వడిగిన పాత సంగతి ఇప్పుడు తవ్వుకునే సమయం కాదు.

నుస్రతుల్లా


బుఖారా,
11 మే

అన్నయ్యగారికి,

ముప్ఫై ఏడేళ్ళకు మళ్ళీ మా ఇంటికి పులిపిండి పంపారు. సంతోషం. అప్పుడు అమ్మ పిండికుండలో ఉందన్నారు, ఇప్పుడు నా తలలో ఉందంటున్నారు. అమ్మ కుండను కాలవలో బోర్లించింది. నేను తలను ఎక్కడ బోర్లించను?

పేటలో పెళ్ళయి వచ్చిన ప్రతి కోడలూ గిన్నె పట్టుకుని మన గడపకే వచ్చేది. అమ్మ పులిపిండి ముద్ద ఇవ్వందే ఏ ఇంట్లోనూ మొదటి రొట్టె కాలేది కాదు. అమ్మకు ఆ ముద్ద అమ్మమ్మ ఇచ్చింది, అమ్మమ్మకు ఆవిడ అత్తగారు. సభ జరిగిన మర్నాడు పొద్దున పద్నాలుగు గిన్నెలు మన వాకిట్లో కడిగి బోర్లించి ఉన్నాయి. ఎవరూ ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తరవాత మన ఇంటి నుంచి ఒక్క రొట్టె బయటికి పోలేదు. అమ్మ దుకాణంలో కొన్న రొట్టె ముక్కను టీలో ముంచుకుని తినేది, ఎవరి ఇంట్లోనో అతిథిలా.

ఇప్పుడు నేను ఆసుపత్రికెళ్ళి పావురాల పులిపిండి అని నోరు విప్పితే ఏమవుతుంది? మన్సూర్ పని పోతుంది. కాగితం మీద మళ్ళీ మన ఇంటి నంబరు ఎక్కుతుంది. మీ వాళ్ళకు నంబరు వెతుక్కునే శ్రమ కూడా లేదు, పాతదే ఉంది. ఇక ఆ నల్ల సిరా ఏమిటి? నా వెన్నులో సిరా పోస్తారా? చాలదూ, మా అమ్మ మీద పోసింది?

నిజం చెప్పాలంటే నాకు నిన్నటి నుంచి మన్సూర్‌లు ఇద్దరు కనిపిస్తున్నారు. ఒక్కడితోనే వేగలేకపోతున్నాను. పొద్దున లేస్తూనే పిత్తమంతా కక్కాను. సాదత్ పిన్ని కర్ర పట్టుకుని చూడ్డానికొచ్చింది. తొంభై ఏళ్ళ మనిషి. మీ ఉత్తరం కోపంతో ఆవిడకే చదివి వినిపించాను. మీరు గాడిద అన్న చోట నవ్వింది. పులిపిండి అన్న చోట నవ్వలేదు.

నేను ఎక్కడికీ వెళ్ళను. నన్ను పంపాలంటే దారి ఒకటే ఉంది. ఆ రోజు మీరు చెప్పిన జవాబు రాయండి. మీ నోటి నుంచి ఒక్క నిజం వస్తే, ఈ రెండోది కూడా నిజమే అనుకుని నా వీపు ఎవరికి చూపించమంటే వాళ్ళకు చూపిస్తాను.

రోబియా


తాష్కెంట్,
18 మే

రోబియా, తల్లీ,

దీన్ని పోస్టులో వేయడం లేదు. బుఖారా రైలు పెట్టెలో పనిచేసే మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. ఇంటికే తెచ్చిస్తాడు.

ముందు సిరా సంగతి. నీ ఒంట్లో ఎవరూ సిరా పోయరు. వెన్నులోంచి తీసిన నీటిని గాజుపలక మీద ఒక చుక్క వేస్తారు. పక్కన బొమ్మలు గీసే నల్ల సిరా ఒక చుక్క వేసి కలిపి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. అంతా నల్లబడుతుంది. ఈ జీవి ఒంటి చుట్టూ మందమైన జిగురు తొడుగు ఉంటుంది, దానిలోకి సిరా దూరలేదు. అప్పుడది నల్లటి ఆకాశంలో గుడి కట్టిన చంద్రుడిలా కనిపిస్తుంది. ఎంత నలుపు పోసినా అంటకుండా తెల్లగా కూర్చునేది లోకంలో అదొక్కటే అనుకునేవాణ్ణి. నేనూ ఉన్నాను.

ఇప్పుడు జవాబు.

మొదటి ఉత్తరంలో నీకు అబద్ధం రాశాను. ఆ ఏడాది నేను సేకరించిన ముప్ఫై నమూనాల్లో ఒక్కదానిలోనే ఆ జీవి దొరికింది. అది ఇక్రామ్ గూటిది కాదు. మన వెనక మదరసా గుమ్మటంలోది. ఎవరూ పెంచని, ఊరి మీద బతికే పావురాలది. ఆ వేసవిలో ఆ మదరసాను విదేశీ అతిథులకు చూపించబోతున్నారు. గెన్నాదీ పావ్లోవిచ్ కాగితం నా ముందుకు తోసి, ఈ చిరునామా పనికిరాదు, ఇంకొకటి రాయి అన్నాడు. ఏది రాయమని ఆయన చెప్పలేదు. పట్టికలో వీధి, ఇంటి నంబరు, యజమాని పేరు పూర్తిగా నింపాలి. బుఖారాలో నాకు కంఠతా వచ్చిన చిరునామా ఒక్కటే. రాసింది నా చెయ్యే. రొట్టెను ముట్టుకున్న చెయ్యే.

గుమ్మటం పేరు ఆ కాగితం మీద ఉండి ఉంటే, ఇప్పుడు పార పట్టుకునే ముందు ఎవడో ఒకడు దాన్ని తీసి చదివేవాడు. లేదు గనుక మన్సూర్ దించాడు. నువ్వు జల్లించావు. నీ తలలో ఏదైనా ఉంటే అది నేను దాచిన నమూనా.

అయినా నువ్వడిగింది అది కాదు.

సభలో నా కుడి పక్కన గెన్నాదీ పావ్లోవిచ్, ఎడమ పక్కన మాస్కో నుంచి వచ్చిన ఇద్దరు. అంతకు ముందు భోజనం దగ్గర వాళ్ళు నాన్న ఏం చేసేవాడని అడిగితే బడిపంతులు అన్నాను. అమ్మ గురించి అడగలేదు, నేను చెప్పలేదు. సాదత్ పిన్ని లేచి "మా జెబినిసా రొట్టెల్లో ఉండే పులిపిండి కూడా ఇదేనా, నాయనా?" అంది. మాస్కో మనిషి నా చెవిలో, ఈ జెబినిసా ఎవరు అని అడిగాడు. అమ్మ మల్బరీ చెట్టు కింద నిలబడి ఉంది. చేతులకు పిండి ఉంది, కడుక్కోకుండా వచ్చింది. నా వైపే చూస్తోంది.

నేను చెప్పవలసింది ఒకటే వాక్యం. తందూరులో పడ్డాక ఏ పులిపిండీ బతకదు. మొదటి ఏడాది విద్యార్థికి తెలిసిన సంగతి. ఆ వాక్యం చెబితే, ఆ తందూరు సంగతి నీకెలా తెలుసు అనే ప్రశ్న వస్తుందని భయపడ్డాను. మాస్కో మనిషితో, రొట్టెలమ్మే ఆవిడ ఎవరో ఉంది అన్నాను. లేచి నిలబడి సభతో "నిపుణులు పరిశీలిస్తారు" అన్నాను.

అంతే. మూడు ముక్కలు కూడా కాదు. కూర్చున్నాను. అప్పటి నుంచి కూర్చునే ఉన్నాను.

ఇంటికి రాకుండా కమిషన్ కారులోనే వెళ్ళిపోయాను. ఎన్ని పుస్తకాలు చదివానో నీకు తెలుసు. ఈ పనిని మన్నించే వాక్యం ఒక్కటి ఎక్కడైనా దొరుకుతుందేమోనని చదివినట్టుంది ఇప్పుడు ఆలోచిస్తే.

నీకు కావలసిన నిజం ఇచ్చాను. నీ వంతు నువ్వు నిలబెట్టుకో. వెళ్ళు. నడవలేకపోతే మన్సూర్‌ను ఎత్తుకెళ్ళమను. తిట్టేదంతా తరవాత తిడుదువు గాని.

నీ అన్న


బుఖారా,
27 జూన్

అన్నయ్యా,

ఇది నేనే రాస్తున్నాను, పంక్తులు వంకరగా పోతే తప్పు పట్టకండి. కుడి కన్ను ఇంకా ఒకటిని ఒకటిన్నరగా చూస్తోంది. ఎడమ చెవి పోయినట్టే. ఇక మనిద్దరికీ ఫోను దండగ.

మీ ఉత్తరం పద్దెనిమిదో తేదీది. నేను ఆసుపత్రిలో చేరింది పదమూడున. రైలు మనిషి దాన్ని ఇంట్లో ఇచ్చి వెళ్ళాడు. మన్సూర్ తెచ్చి దిండు కింద పెట్టాడట, నాకు తెలివి లేదు. చదివింది పదిహేను రోజుల తరవాత. కాబట్టి మీ జవాబు నన్ను పంపలేదు. సాదత్ పిన్ని పంపింది.

మీకు ఉత్తరం పోస్టు చేసిన మర్నాడు మళ్ళీ వచ్చింది. కర్రతో నా మంచాన్ని కొట్టింది. ఆవిడ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను. "అప్పుడు వాడు నోరు విప్పలేదు, అయినా పేటంతా నమ్మేశాం. ఇప్పుడు విప్పుతుంటే వినవే? లే, పిశాచమా." నేను అడిగాను, అసలు అందరిలో లేచి ఆ ప్రశ్న ఎందుకు వేశావు పిన్నీ అని. ఆవిడ ఏడ్చింది. అప్పటికే ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారట. జెబినిసా కొడుకే చదువుకున్నవాడు, వాడి నోటితోనే కాదనిపిస్తే అందరి నోళ్ళూ మూతబడతాయని అడిగిందట. మీరు కాదంటారని అడిగింది అన్నయ్యా. మీకోసం వాకిలి తీసింది.

ఆసుపత్రిలో ఒక చిన్న డాక్టరమ్మ ఉంది. నల్ల సిరా అనగానే కళ్ళు పెద్దవి చేసింది. ఆసుపత్రిలో సిరా లేదు. పక్క బడిలో బొమ్మల మాస్టారును అడిగి తెప్పించింది. చూసి, మీరన్నట్టే, గుడి కట్టిన చందమామలు అంది. తరవాత మీ ఉత్తరంలో అదే మాట చూసి రెండోసారి చదువుకున్నాను. మందు ఎక్కిస్తే చలి, వణుకు, మంచం కూడా నాతో పాటు వణికేది. బతికాను. గుమ్మటం పని ఆపించారు. మిగతా వాళ్ళను పరీక్షించారు, ఎవరికీ ఏమీ లేదు. ఈసారి కాగితం మీద గుమ్మటం పేరే రాయించాను. డాక్టరమ్మ రాస్తుంటే పక్కన నిలబడి చదివించుకున్నాను.

ఇప్పుడు మీకు తెలియంది ఒకటి చెప్పాలి. చెప్పకూడదనుకున్నాను. ఆసుపత్రిలో మనసు మార్చుకున్నాను.

ఖాళీ మేకు చూసి అమ్మ మీ రొట్టె పారేసిందని రాశారు. అమ్మ రొట్టెను పారేసే మనిషా? సభ నుంచి వచ్చాక కుండ బోర్లించింది. మేకు నుంచి మీ రొట్టె దించింది. ఇక్రామ్ అరిచాడు, అన్నయ్యకు ఇంట్లో రొట్టె కూడా ఉంచవా అని. అమ్మ అన్న మాట ఇది. "వాడు తిరిగొచ్చి ఇది తింటే వాడికేమైనా అవుతుందేమో రా. వాడు చదివినవాడు. లేదు అనలేదంటే ఉన్నట్టే కదా." పారేస్తే పాపం, ఉంచితే మీకు ప్రమాదం. తెల్లగుడ్డలో చుట్టి తన పెళ్ళి పెట్టె అడుగున పెట్టింది. ఏటా మీకు ఎండు ఖర్బూజా, ఆప్రికాట్లు పంపేది, రొట్టె పంపేది కాదు. కోపం అనుకున్నారా? ఊరంతా మీ మాటను అనుమానంతో నమ్మింది. అమ్మ ఒక్కతే ప్రేమతో నమ్మింది. తన చేతి వంట విషమని చచ్చేదాకా అనుకుంది. ఆఖరి రోజు నా చేత నీళ్ళు తాగుతూ కూడా, గ్లాసుకు తన చెయ్యి తగల్లేదు కదా అని అడిగింది.

రొట్టె పెట్టెలోనే ఉంది. ఒక కొస కొరికి ఉంది. మీ పంటి గుర్తు ఇంకా తెలుస్తోంది.

రోబియా


తాష్కెంట్,
6 జూలై

చెల్లీ,

వచ్చే శుక్రవారం రైలుకు వస్తున్నాను. స్టేషనుకు ఎవరినీ పంపకు. దారి నాకు తెలుసు, చిరునామా కూడా తెలుసు.

ముందు ఇంటికి రాను. టీ దుకాణం దగ్గరకు వెళ్తాను. మధ్యాహ్నం నమాజు అయ్యాక పేట పెద్దలు ఇప్పటికీ అక్కడే కూర్చుంటారనుకుంటాను. ఆ సభలో ఉన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో మిగిలి ఉంటారు. సాదత్ పిన్ని రాగలిగితే కుర్చీ వేయించు. మళ్ళీ ఆ ప్రశ్న అడగమను, ఆ మాటలతోనే. నేను లేచి నిలబడి జవాబు చెబుతాను. తందూరులో పడ్డాక ఏ పులిపిండీ బతకదు. వినవలసిన మనిషి మల్బరీ చెట్టు కింద ఉండదని తెలుసు. అటే చూసి చెబుతాను.

తరవాత ఇంటికి వస్తాను. ఆ రొట్టెను పళ్ళెంలో పెట్టు. నా పళ్ళు ఊడిపోయాయి, వేడి టీలో నానబెట్టుకుంటాను. ముప్ఫై ఏడేళ్ళ రొట్టె తినకూడదని నువ్వంటావు. శాస్త్రం కూడా అదే అంటుంది. శాస్త్రం మాట నేను చెప్పినప్పుడు వినకపోవడమే మంచిదని ఇప్పటికైనా నీకు తెలియాలి.

నీ ఉత్తరం వచ్చాక తప్పు ఎవరెవరిదో రాసుకున్న నా పాత జాబితా తీశాను. సాదత్ పిన్ని పేరు కొట్టేసి, పక్కన క్షమించమని రాసుకున్నాను. గెన్నాదీ పావ్లోవిచ్ నీచుడే, ఆ మాట వెనక్కి తీసుకోను, కానీ ఆయన ఇంకో చిరునామా అడిగాడు గాని అమ్మ ఇంటిదే అడగలేదు. ఆయన పేరూ కొట్టేశాను. కాగితం ఖాళీ అవుతుందనుకున్నాను, కాలేదు. నువ్వు మన్నించినా, పేట మన్నించినా, ఆఖరికి అమ్మ మన్నించే ఉన్నా, నేను తప్పు పట్టడం మానలేని మనిషి ఒకడు మిగిలాడు. ఆ రోజు మాస్కో మనిషికి ఇతను చెప్పని పేరుతో సహా రాస్తున్నాను,

రొట్టెలమ్మిన జెబినిసా కొడుకు,
నుస్రతుల్లా